చంచలచిత్తులైన పిల్లలు – తల్లిదండ్రుల ధర్మము

(నిజాంసాగరమున జరిగిన మన పద్మశాలీ సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సంస్కృతము నభ్యసించి, మూడు పదుల యేండ్లకు పైగా తెలుగుపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను గావున, నేను కులచరిత్రను గుఱించియో పురాణమును గుఱించియో చెప్పుదునని మీలో పలువు రనుకొని యుందురు. కార్యదర్శిగారును అట్లే కోరిరి. కాని వారి యనుమతితోనే వేఱొక విషయమును మీ ముందుంచుచున్నాను. ఏటేట మన మీ వేదికపై మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలకు దండలు వేయుచున్నాము. అది మంచి పనియే. నేడు నేను చెప్పబోవునది ఈ వేదిక నెన్నడు నెక్కని పిల్లవానిని గుఱించి.

ఆ పిల్లవానిని మీరందఱు నెఱుగుదురు. ప్రతి వాడలోను ఒక డుండును. అన్నము తినుచు మూడుమారులు లేచును. ఒక చెప్పు నింటిలోను ఒక చెప్పు వాకిటను విడుచును. కలము, పుస్తకము, నీళ్లసీసా నెల తిరుగకుండ పోగొట్టును. ప్రశ్న పూర్తికాకమునుపే జవాబు చెప్పును. తన వంతు వచ్చువఱకు ఆగలేడు. లెక్క తెలిసియు తప్పు వేయును. ఉదయము చెప్పిన పని సాయంకాలమునకు మఱచును. కాని తనకు నచ్చిన యాటలో గంటలకొలది మునిగియుండును. ఇది చూచి మనము, "వీనికి తెలివి యున్నది, బుద్ధి లేదు, కావలెననియే చేయుచున్నాడు" అందుము. వైద్యులు ఈ స్థితికి ఎ.డి.హెచ్.డి. యని పేరు పెట్టిరి. అవధానము నిలువకపోవుట, అతిచాంచల్యము, ఆలోచింపకమునుపే చేయు తొందర – ఇవి దాని లక్షణములు. కొందఱిలో మూడును కలిసియుండును. కొందఱిలో మొదటిదే కనబడును.

మొదట నా తప్పు నేను చెప్పుకొనవలయును. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక బడిలో, ఆఱవ తరగతిలో, మన కులపు బాలు డొక డుండెడివాడు. తండ్రి భీవండిలో మరమగ్గముల పనికి పోయెను. తల్లి బీడీలు చుట్టి సంసారము నడుపుచుండెను. ఆ బాలునకు పద్యము ఒకటి రెండుమారులు వినినంతనే నోటికి వచ్చెడిది. కాని పుస్తకము తెఱచి పది నిమిషములు కూర్చుండలేడు; వ్రాతపుస్తకము తేడు; ప్రక్కవానిని గిల్లును. నేను వానికి వేయని శిక్ష లేదు. ఎండలో నిలిపితిని. గోడకుర్చీ వేయించితిని. బెత్తము విఱుగునట్లు కొట్టితిని. కుమారుని అయిదేండ్లు లాలించి, పదియేండ్లు దండింపవలెనని చెప్పు నీతిశ్లోకము నాకు కంఠస్థము. దానిని వాని వీపుపై ప్రయోగించి, ధర్మమే చేయుచున్నానని తలచితిని. ఒకనాడు వాని తల్లిని పిలిపించి, పిల్లలందఱి యెదుట, "వీనికి చదువు రాదమ్మా, ఏదైన పనిలో పెట్టుము" అంటిని. ఆమె యేమియు ననలేదు. చేతికంటిన తంబాకు దుమ్మును కొంగుతో తుడుచుకొని, కుమారుని వెంటబెట్టుకొని పోయెను. మఱునాటినుండి వాడు బడికి రాలేదు.

నాలుగేండ్ల క్రిందట ఒక సాయంకాలము, నడివయస్సు వాడొకడు తొమ్మిదేండ్ల బాలుని చేయి పట్టుకొని మా యింటికి వచ్చెను. మస్కటులో పనిచేయుచు సెలవుపై వచ్చినవాడు. నమస్కరించి, పేరు చెప్పెను. ఆ బాలుడే యీ తండ్రి. అతని మాటలు అతడన్నట్లే చెప్పెదను: "సార్, వీడు అచ్చం నా లెక్కనే ఉన్నడు. బడి నుంచి రోజొక ఫిర్యాదు. కొట్టి దారికి తెమ్మని మా నాయన అంటడు. మీరు నన్ను మస్తు కొట్టిన్రు సార్, నా మంచికే కొట్టిన్రు. గని నేను బాగుపడలే. వీణ్ణి గూడ కొట్టాల్నా, ఇంకేమన్న తొవ్వ ఉన్నదా?"

అతని కంఠమున నిష్ఠూర మేమియు లేదు. నిజముగా తెలియక అడిగెను. నాకును తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాత ఆ తండ్రీకొడుకులతో నేనును హైదరాబాదు పోయితిని. పిల్లల మానసికవైద్యునితో మాటలాడితిని. అప్పటినుండి చదివి, అడిగి, చూచి తెలిసికొన్నది మీకు విన్నవించుచున్నాను. నేను వైద్యుడను గాను. పొరబడిన యొక పంతులు మాటలుగా వీనిని గ్రహింపుడు.

ఇది నిన్న మొన్న పుట్టిన పేరు గదా, పూర్వ మెక్కడిదని కొంద ఱడుగుదురు. పేరు క్రొత్తది, స్థితి ప్రాతది. 1798లోనే అలెగ్జాండరు క్రైటన్ అను స్కాట్లండు వైద్యుడు అవధానము నిలుపలేని వారిని గుఱించి వ్రాసెను. 1902లో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు లండను నగరమున వైద్యుల కళాశాలలో మూడుపన్యాసము లిచ్చి, తెలివియందు లోపము లేకున్నను తమ్ము తాము నిగ్రహించుకొనలేని పిల్లలను వర్ణించెను. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము తన రోగనిర్ణయ గ్రంథమున అవధానలోపమను పేరును చేర్చి, 1987లో నేటి పేరును స్థిరపఱచెను. అనేక దేశముల పరిశీలనలను కలిపి చూచిన 2007 నాటి యధ్యయనము ప్రకారము నూటికి సుమారు అయిదుగురు పిల్లలలో ఈ స్థితి కలదు. అనగా నలువదిమంది గల తరగతిలో ఇద్దఱు. నా యుద్యోగకాలమున ఎందఱు నా చేతిక్రింద నడచిపోయిరో మీరే లెక్కింపుడు.

ఆ తండ్రి యడిగిన ప్రశ్నలోనే సమాధానము సగము కలదు. కొడుకు "అచ్చముగా నా వలెనే" యున్నాడనెను. కవలపిల్లలపై జరిగిన పరిశోధనలు ఇది మిక్కిలిగా వంశమున దిగివచ్చునదని, ఎత్తు వలె దీనికిని పుట్టుకయే ముఖ్యకారణమని తెలిపినవి. మెదడులో అవధానమును, నిగ్రహమును నడుపు భాగములు వీరిలో నెమ్మదిగా పండును. 2007లో అమెరికా జాతీయ మానసికారోగ్య సంస్థవారు పిల్లల మెదడులను చిత్రించి చూచిరి. మెదడు పైపొర సామాన్యముగా ఏడున్నర యేండ్ల ప్రాయమున చేరు దశను ఈ పిల్లలు పదిన్నర యేండ్లకు చేరుచున్నారని కనుగొనిరి. కావున పదేండ్ల బాలుని నిగ్రహము ఏడేండ్లవాని నిగ్రహము వలె నుండినచో అది పొగరు కాదు. తల్లి పెంపకదోషమును గాదు. దృష్టిదోషమును గాదు, గ్రహదోషమును గాదు. ఇంటిలో అత్తగారు కోడలిని, మగడు భార్యను, బడిలో పంతులు ఆ తల్లిని నిందించుట యెన్నియో యిండ్లలో చూచితిని. నేనును నిందించితిని. ఆ నింద నేటితో మానవలయును.

అయితే అల్లరిచేయు ప్రతి పిల్లవానికిని ఈ పేరు తగిలింపరాదు. వైద్యులకు దీనికొక కొలత కలదు. అవధానమునకు తొమ్మిది లక్షణములు, చాంచల్యమునకు తొమ్మిది లక్షణములు వ్రాసియున్నారు. ఏ పట్టికలోనైన ఆఱు లక్షణములకు తక్కువగాకుండ, ఆఱు నెలలకు పైగా నుండవలయును. పండ్రెండేండ్లలోపుననే మొదలై యుండవలయును. ఇంటను బడిలోను, అనగా రెండు తావులకు తక్కువగాకుండ కనబడి, చదువునకో స్నేహమునకో నిత్యజీవనమునకో ఆటంకము కావలయును. బడిలో మాత్రమే యున్నచో బడిని చూడుడు. ఇంటిలో మాత్రమే యున్నచో ఇంటిని చూడుడు. చెవి సరిగా వినబడకున్నను, కన్ను సరిగా కనబడకున్నను, రక్తహీనత యున్నను, నిద్ర చాలకున్నను, ఇంటిలో కలహమున్నను పిల్లలు ఇట్లే కనబడుదురు. కావున మొదట వైద్యుడు చూడవలయును, ఇరుగుపొరుగువారు నిర్ణయింపరాదు.

ఆడపిల్లలను గుఱించి యొక మాట. వారిలో పెక్కండ్రు ఉఱుకరు, అఱవరు. కిటికీవైపు చూచుచు కూర్చుందురు. చెప్పినది సగము వినుదురు. నిదానముగా వెనుకబడుదురు. అల్లరి లేదు గావున ఎవ్వరును ఫిర్యాదు చేయరు. "మొద్దు పిల్ల, పెండ్లి చేసిన సరిపోవును" అందురు. అట్టి పిల్ల మీ యింట నున్నచో, ఆమెను గూడ ఒకమారు వైద్యునకు చూపుడు.

ఇక నిత్యజీవితమున మనము చేయవలసిన దేమి? భగవద్గీత ఆఱవ యధ్యాయమున అర్జునుడు తన మనస్సు చంచలమైనదనియు, దానిని పట్టుట గాలిని పట్టినట్లు కష్టమనియు మొఱపెట్టుకొనెను. శ్రీకృష్ణుడు అతనిని గద్దింపలేదు. నీ మాట నిజమే, అది కష్టమే యని మొదట నొప్పుకొని, పిమ్మట అభ్యాసమును, వైరాగ్యమును ఉపాయముగా జెప్పెను. మహావీరునకే అది కష్టమైనప్పుడు తొమ్మిదేండ్ల బాలునకు సులభమా? మనము గూడ కష్టమని మొదట నొప్పుకొని, ఉపాయము చూపవలయును.

ఆ యుపాయ మెట్టిదో మనము కూర్చున్న తావే చెప్పుచున్నది. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దరు గారి నిర్మాణకౌశలము. వానకాలపు మంజీర వేగమును ఆయన దోషమని తిట్టలేదు. కట్ట కట్టి, తూములు పెట్టి, కాలువలు త్రవ్వించెను. ఆ నీరే పొలములకు పాఱినది. ఈ పిల్లవానికి లోపల నిలుపుకొను శక్తి తక్కువ గావున, ఆ యేర్పాటు మనము బయట చేయవలయును. నేను చెప్పబోవు మాటలన్నియు ఈ యొక్క మాటకు వివరణములే.

మొదటిది, ఆజ్ఞ. "పో, కాళ్లు కడుగుకొని, బట్టలు మార్చుకొని, పుస్తకము తీసి, చెల్లెలిని పిలుచుకొని రా" అని వంటయింటినుండి కేక వేయుదుము. అవి నాలుగాజ్ఞలు. వానికి చివరిది మాత్రమే చేతికందును. ఒక్కొక్కప్పుడు అదియు నందదు. దగ్గఱకు పోయి, భుజముపై చేయివేసి, కన్నులలో చూచి, ఒక్కటి చెప్పుడు. చెప్పినదానిని వానిచేతనే మఱల చెప్పింపుడు. అది పూర్తియైన తరువాత రెండవది చెప్పుడు.

రెండవది, నియతి. లేచుట, తినుట, చదువుట, ఆడుట, నిద్రించుట – వీనికి నిత్యము ఒకటే వేళ, ఒకటే వరుస యుండవలయును. ఉదయము చేయవలసిన అయిదు పనులను బొమ్మలుగా గీసి గోడపై నంటింపుడు. బడిసంచి రాత్రియే సర్ది తలుపుచెంత నుంచవలయును. చెప్పులకు, కలమునకు, సంచికి ఒక్కొక్క తావు నిర్ణయింపుడు. చదువునపుడు గోడవైపు కూర్చుండబెట్టుడు. వీథివైపు వలదు, దూరదర్శనము ముందు అసలే వలదు.

మూడవది, పనిని ముక్కలు చేయుట. గంటసేపు కూర్చుండుమనుట వ్యర్థము. గడియారము ఎదుట నుంచి, పదియైదు నిమిషములు చదివింపుడు. అయిదు నిమిషములు కదలనిండు. ఆ అయిదు నిమిషములలో చెట్లకు నీళ్లు పోయనిండు, కోళ్లకు గింజలు వేయనిండు. మఱల పదియైదు నిమిషములు. ఒక మాట మాత్రము చెప్పవలయును: ఖాళీగా నున్నాడని బీడీల చాట ముందు కూర్చుండబెట్టకుడు. ఆ దుమ్ము ఏ పిల్లవానికిని మంచిది కాదు.

నాల్గవది, మెప్పు. ఈ పిల్లలు ఉదయమునుండి రాత్రివఱకు తిట్లే విందురు. మంచి చేసినపుడు ఎవ్వరును చూడరు. చూడుడు. చూచిన వెంటనే, ఏది మంచిగా చేసెనో దానినే పేరుపెట్టి చెప్పుడు. "మంచివాడవు" అనుటకంటె, "పిలువగానే వచ్చితివి, సంతోషము" అనుట మేలు. నేను చెప్పిన యింటిలో ఒక గాజుసీసా, దోసెడు చింతపిక్కలు పెట్టిరి. చెప్పిన పని ఒకటి పూర్తియైనచో ఒక పిక్క సీసాలో పడును. పది పిక్కలు నిండినచో, తాత సైకిలుపై కట్టవఱకు తీసికొనిపోవును. డబ్బు వలదు, ఫోను వలదు. ఒక నియమము మాత్రము తప్పరాదు: ఒకమారు పడిన పిక్కను కోపమువచ్చి తిరిగి తీసికొనరాదు. ఏడాది తరువాత ఇచ్చెదమనిన సైకిలు వీరికి పనికిరాదు. వీరికి ఫలము నేడే, ఇప్పుడే కనబడవలయును.

ఐదవది, శిక్ష. ఇంటిలో నియమములు మూడు చాలును: కొట్టరాదు, చెప్పక బయటికి పోరాదు, వేళకు నిద్రింపవలయును. వీనిని మీఱినచో, ముందే చెప్పియుంచిన చిన్న ఫలితము వెంటనే జరుగవలయును. ఆనాటి ఆట కొంత తగ్గును, అంతే. కాళ్లాడించుట, కూనిరాగము తీయుట వంటివి చూడనట్లుండుడు. కొట్టుట మాత్రము మానుడు. కొట్టినచో ఆ క్షణమున ఆగును. తెలివి కలుగదు, భయము కలుగును. భయముచే అబద్ధము నేర్చును. నేను ఏండ్లకొలది కొట్టి చూచి చెప్పుచున్నాను. బడిలో కొట్టుట నేడు చట్టవిరుద్ధము గూడ. 2009 నాటి విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగమున శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది. నేను వల్లించిన ఆ నీతిశ్లోకమునకు చివరి మాట యొకటి కలదు: పదునాఱవ యేడు వచ్చినపుడు పుత్రుని మిత్రునివలె చూడుమని. ఆ మాట నేనెన్నడును తరగతిలో చెప్పలేదు. పదేండ్లు దెబ్బలు తినిన బాలుడు పదునాఱవయేట మనకు మిత్రు డెట్లగును?

ఆఱవది, జాగ్రత్త. తొందరగల పిల్లలకు ప్రమాదములు తఱచు. మనది కాలువల సీమ. నీళ్లు వదలిన దినములలో కాలువగట్టునకు, జలాశయమునకు ఒంటరిగా పంపకుడు. పెద్దవారి యెదుట ఈత నేర్పింపుడు. వయస్సు రాకమునుపే మోటారుసైకిలు చేతికీయకుడు. గల్ఫునుండి తండ్రి ప్రేమతో పంపిన డబ్బుతో కొనిన బండిపై బిడ్డను పోగొట్టుకొన్న యిండ్లు మన కెఱుకయే. ఫోనునకు వేళ నిర్ణయింపుడు. నిద్రకు గంటముందు దానిని పెద్దల చేతికీయవలయును. నిద్ర చాలని రాత్రి తరువాత పగలు వీరికి రెట్టింపు కష్టము. వీనికి బదులు ఆట కావలయును: కబడ్డీ, పరుగు, ఖోఖో. ప్రతిదినము ఒక గంట శరీరమలయనిండు.

ఏడవది, ఇంటివారందఱి మాట ఒకటిగా నుండుట. తల్లి వలదనినది నాయనమ్మ కొంగుచాటున ఇచ్చినచో ఏ నియమమును నిలువదు. మన యిండ్లలో చాలమంది తండ్రులు దుబాయిలోనో, మస్కటులోనో, భీవండిలోనో యున్నారు. వారమునకొకమారు ఫోనులో ముఖము చూచి, "మార్కులెన్ని? అమ్మ మాట వినవా?" అని గద్దింతురు. ఆ పది నిమిషములు ఆ బాలునకు న్యాయస్థానమగును. తండ్రులారా! ఇకమీదట, "ఈ వారము నీవు పూర్తిచేసిన పని యొకటి చెప్పుము" అని యడుగుడు. ఆ తల్లి సంగతియు తలపుడు. వేయి బీడీలకింత యని కూలి గల యామె, చేతులు ఆపిన క్షణమెల్ల కూలి పోగొట్టుకొనును. ఆమెను ఓర్పు వహింపుమని చెప్పుట సులభము. సాయంకాలము ఒక గంట ఆ పిల్లవానిని మేనమామయో, పెదనాయనయో తనవెంట తీసికొనిపోయినచో అది నా యుపన్యాసమున కంటె గొప్ప సహాయము.

ఎనిమిదవది, బడి. ఉపాధ్యాయునితో కలహింపకుడు, కలిసి మాటలాడుడు. ముందు వరుసలో, కిటికీకి దూరముగా కూర్చుండబెట్టుమని కోరుడు. సుద్దముక్క తెచ్చుట, పుస్తకములు పంచుట వంటి కదలికగల పనులు వానికి నప్పగింపుమనుడు. చిన్న పుస్తక మొకటి ఇంటికి బడికి నడుమ తిరుగనిండు. అందులో దినమునకొక మంచిమాట ఉపాధ్యాయుడు వ్రాయవలయును. వీరిలో పలువురికి చదువుట, వ్రాయుటయందు వేఱొక లోపమును తోడుగా నుండును. అట్టి అభ్యసనలోపమును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించినది. ధ్రువపత్రమున్నచో పరీక్షలలో సౌకర్యములు కోరవచ్చును.

మందులను గుఱించి మీకు భయము కలదు. ఆఱేండ్లలోపు పిల్లలకు మొదట తల్లిదండ్రుల శిక్షణయే వైద్యము. నేను పైన చెప్పినవి ఆ మార్గమునకు చెందినవే. పెద్ద పిల్లలలో అవసరమైనచో వైద్యులు మిథైల్‌ఫెనిడేట్ మొదలగు మందుల నిత్తురు. 1937లోనే అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ యను వైద్యుడు ఇటువంటి మందొకటి పిల్లల చదువును, నడవడిని కుదుటపఱచుట గమనించెను. ఇవి మత్తుమందులవలె మగతగా పడవేయునవి కావు. ఆకలి తగ్గవచ్చును, నిద్ర తగ్గవచ్చును; కావున వైద్యుడు బరువును, రక్తపుపోటును చూచుచుండును. వైద్యుడు చెప్పక మొదలుపెట్టరాదు. ఆయనతో చెప్పక మానరాదు. ఇరుగింటివాని మందు మనవానికి వేయరాదు.

ఎక్కడికి పోవలయును? 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను పరీక్షించుటకు వైద్యబృందములు వచ్చును. వారు చూడవలసిన స్థితుల పట్టికలో ఇదియు కలదు. బృందము వచ్చిన దినమున పిల్లవానిని బడి మాన్పింపకుడు, సంగతి దాచకుడు. సికింద్రాబాదు మనోవికాస్ నగరమున 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ, బుద్ధివికాసమున వెనుకబడిన పిల్లల కొఱకు పనిచేయుచున్నది. అట్టి సందేహము గూడ నున్నవారు అచ్చటికి పోవచ్చును. దూరము పోలేనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇది 2022 అక్టోబరు 10న ఆరంభమైన ప్రభుత్వ మానసికారోగ్య సహాయసేవ, టెలీమానస్. దానికి రుసుము లేదు.

ఇక మన సంఘమునకు విన్నపము. ఈ విషయమును ఇండ్లలో దాచుట కొక కారణము కలదు. అది మనకందఱకును తెలిసియు ఎవ్వరము పైకనము. "డాక్టరుకు చూపినామని తెలిసిన పిల్లవాని అక్కకు సంబంధములు రావు." ఈ మాట చెప్పి వైద్యునకు చూపని యింటిని నేనెఱుగుదును. సంబంధములు కుదుర్చు పెద్దలు ఈ సభలోనే ముందువరుసలో కూర్చున్నారు. మీరు నోరు తెఱచి, "అది పిచ్చి కాదు, దానికి చూపించుకొనుట తప్పు కాదు" అని ఒక్కమారు పదిమందిలో చెప్పినచో ఎందఱో తల్లులకు ఊఱట కలుగును. రెండవ విన్నపము: మహాసభతోపాటు ఏటికొకమారు పిల్లల వైద్యునొకని పిలిపించి, తల్లిదండ్రులతో మాటలాడు నేర్పాటు చేయుడు. మార్కులకు దండలు వేయుచునే యుండుడు. ఆ ప్రక్కనే ఆటకు, చేతిపనికి, ధైర్యమునకు గూడ ఒక దండ నుంచుడు.

మార్కండేయుని కథ మన మేటేట చెప్పుకొందుము. పుత్రుని కోరి తపస్సు చేసిన మృకండునకు పరమేశ్వరుడు రెండు వరములు చూపెను: దీర్ఘాయువుగల మందబుద్ధి కావలయునా, పదునాఱేండ్లు జీవించు గుణవంతుడు కావలయునా యని. ఆ తండ్రి గుణవంతుని కోరెను. ఈ కథ వినివిని మేధావియైన కుమారుడే కుమారుడను భావము మన మనస్సులలో నిలిచినదేమో యని నాకు సందేహము. మనకు ఎవ్వరును రెండు వరములు చూపి కోరుకొమ్మనలేదు. మన యింట పుట్టినవాడే మన బిడ్డ. ఆ కథలోనే, గడువు సమీపించినపుడు తల్లిదండ్రులు దుఃఖించిరే గాని బిడ్డను విడువలేదు.

మీరు ఆ బాలుని సంగతి యడుగవచ్చును. వానికిప్పుడు పదమూడేండ్లు. నేటికిని తరగతిలో మొదటివాడు కాడు. లెక్కలలో వెనుకబడియే యున్నాడు. నెలకొకమారైన చెప్పులు పోగొట్టుచున్నాడు. కాని బడికి పోవుచున్నాడు. వాని తండ్రి వయస్సున నేను బడినుండి పంపివేసితిని; వీడు ఆ వయస్సు దాటి యింకను బడిలోనే యున్నాడు. ఆదివారము మా యింటికి వచ్చి, పదియైదు నిమిషములు నాయొద్ద చదివి, అయిదు నిమిషములు మా జామచెట్టెక్కి, మఱల వచ్చి కూర్చుండును.

వాని నాయనమ్మ, అనగా నాడు నేను పిల్లలందఱి యెదుట అవమానించిన యా తల్లి, ఒకనాడు వానిని దిగబెట్టుటకు వచ్చినది. ఆమెకు నేను క్షమాపణము చెప్పుకొంటిని. "అప్పుడు ఎవ్వరికి ఎర్క సార్" అని మాత్రమే యనెను. ఆమె యన్నట్లు అప్పుడు మనకు తెలియదు. ఇప్పుడు తెలిసినది. తెలిసిన తరువాతను అదే తప్పు చేసినచో క్షమించుట కెవ్వరు నుండరు.

మగ్గముపై పోగు తెగినప్పుడు మన పెద్దలు మగ్గమును తన్నలేదు. పని ఆపి, తెగిన పోగును వెదకి, ఓర్పుతో అతుకు వేసి, మఱల నాడె నడిపిరి. ఆ ఓర్పు మన కులవిద్య. మగ్గములు మన యిండ్లలో తగ్గినవి. ఆ ఓర్పును పిల్లలయెడ నిలుపుకొందుముగాక.

జై మార్కండేయ!